పదిహేనో గడి దాకా

3-6-2004

ఇక నుంచి ఇందులో రాస్తాను. తెలుగులో. ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఎవరూ చదవరన్న ధైర్యం ఉంటేనే నాకు మాట వస్తుంది.

ఈ రోజు అబ్బాజాన్ మొదటి వరుస చెప్పాడు.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరి వస్తువుకో కాపలా ఉన్నట్టు కూర్చుంటున్నాడు. గద్వాల చీరల అంచులకు నక్షలు గీసిన చెయ్యి అది. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి నింపుతూ గీసేవాడు. అన్నీ చీరలు కొనే సేట్లు అడిగినవే. తనకోసం అనుకున్న అంచు ఒకటుంది. దాన్ని ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు. పెడితే తెల్లారేసరికి ఇంకొకరి మగ్గం మీద ఉంటుందని భయం. నేను పుట్టక ముందు నుంచీ అది ఆయన తలలోనే ఉంది.

మళ్ళీ వస్తే మాట పోవచ్చు, జ్ఞాపకం పోవచ్చు అన్నాడు డాక్టరు. అమ్మీకి చెప్పలేదు. కానీ అబ్బాజాన్ విన్నాడు. ఇంటికి రాగానే, "కాగితం తే బేటీ," అన్నాడు.

ఆయన "ఖాళీ ఏడు, నిండు రెండు, ఖాళీ ఒకటి" అని చెబుతాడు. నేను ఖాళీకి సున్న, నిండుకు ఒకటి వేస్తాను. వరుసకు నూట ఇరవై గడులు. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ. మగ్గం లెక్క మాత్రం ఆయన నోట తెలుగులోనే వస్తుంది.

చేనేత సొసైటీ ఆఫీసులో కంప్యూటర్ పని నాదే కాబట్టి, సాయంత్రం రాసినవి మర్నాడు అక్కడ నోట్‌ప్యాడ్‌లో ఎక్కించాలి. ఫ్లాపీ ఒక్కటే ఉండాలట, కంప్యూటర్‌లో కాపీ ఉండకూడదట. ఎక్కించిన కాగితం ఇంటికి తేవాలి, అమ్మీ పొయ్యిలో వేయాలి. ఆయన ముందే వేయాలి.

"కాగితానికి కాళ్ళుంటయి," అన్నాడు.


9-6-2004

రోజుకు ఐదారు వరుసలు. అలసిపోతున్నాడు. కానీ అన్నం తింటున్నాడు.


17-6-2004

కురుమయ్య వచ్చాడు. మగ్గం మీద అంచు బొమ్మను దించే జాకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేది ఆయనే, ఆ అట్టలు ఎక్కించి నేసేదీ ఆయనే. సొసైటీ వాళ్ళు ఒక మగ్గం ఈ అంచుకు ఇస్తామన్నది కూడా ఆయన అడగబట్టే. నాకు అడగడం చేతకాలేదు. ప్రెసిడెంటు గది ముందు నిలబడి రెండుసార్లు వెనక్కి వచ్చాను.

"ఏం రహమాన్ భాయ్, తలకాయల దాసుకున్న సొమ్ము బయటికి తీస్తున్నవంట?"

"నీ కండ్ల పడకుంట తీస్తున్న," అన్నాడు అబ్బాజాన్.

"నేనేమన్న దొంగనా?"

"దొంగవు గాదు. నోరు జర పెద్దది. నీకు తెలిస్తె రాజోలి దాంక తెలుస్తది."

కురుమయ్య మంచం పట్టె మీద చరిచి నవ్వాడు. నా వైపు తిరిగి, "సూస్తివా బుష్రమ్మా? మీ నాయినను చాయ్ అడిగితె బువ్వ పెడ్తడు. నక్ష అడిగితె తలుపేస్తడు," అన్నాడు.

చాలా రోజుల తర్వాత అబ్బాజాన్ నవ్వాడు. నోరు ఒకవైపే కదిలింది. అమ్మీ, కురుమయ్య, నేను ముగ్గురం చూడనట్టు ఉన్నాం.

వాకిట్లోకి వెళ్ళాక కురుమయ్యకు ఇవాళ్టి కాగితం చూపించాను. తలకిందులుగా పట్టుకున్నాడు, మళ్ళీ తిప్పాడు.

"గీ సున్నలు, ఒకట్లు నాకు తెల్వదు బిడ్డా. గడులు గావాలె. నల్ల గడి, తెల్ల గడి. సూసి కొడ్త."

"గడులు చేసిస్తాను," అన్నాను. కంప్యూటర్‌లో ఎక్సెల్ అంతా గడులే కదా. ఒక్కో అంకె ఒక్కో గడిలోకి వస్తే, ఒకట్లకు నలుపు వేస్తే, అదే నక్ష. వనపర్తిలో కాన్వెంట్ హాస్టల్లో ఉన్నప్పుడు సిస్టర్లు వేసవిలో మమ్మల్ని కంప్యూటర్ క్లాసుకు పంపేవారు. అక్కడ శ్రవణ్ కుమార్ సార్ నేర్పింది కొంత గుర్తుంది. అంతా చెప్పడం పూర్తయ్యాక చేస్తాను. ఇప్పుడే చేస్తే అబ్బాజాన్‌కు సగం బొమ్మ మీద తొందర పుడుతుంది.


18-6-2004

లైబ్రరీ పుస్తకం గడువు దాటింది. చదవలేదు.


28-6-2004

ఇవాళ ఒకే వరుసను రెండుసార్లు చెప్పాడు. రెండోసారి వేరేగా చెప్పాడు. ఏది సరి అని అడిగాను.

"మొదటిది," అన్నాడు. తర్వాత, "కాదు. నువ్వే జూడు. తీగ యాడికి వంగుతది?"

ఆ అంచులో ఉన్న తీగ నాకు కనిపించదు. నాకు కనిపించేవి అంకెలే. "ఇట్లా," అని చేత్తో ఊరికే గాలిలో గీశాను. ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపాడు. మొదటిదే ఉంచాను.

ఎండ ఎక్కువగా ఉంది. దాని వల్లనే.


6-7-2004

పూర్తయింది.

ఆఖరి వరుస పొద్దున్నే చెప్పి కళ్ళు మూసుకున్నాడు. పడుకున్నాడనుకున్నాను. "తల తేలికైంది బేటీ," అన్నాడు. "ఇల్లు ఊడ్చినట్టుంది లోపల."

ఆఫీసులో ఎక్కించి తెచ్చాక, సాయంత్రం అమ్మీ ఆ కాగితం పొయ్యిలో వేసింది. ముగ్గురం చూశాం.


8-7-2004

నోట్‌ప్యాడ్ ఫైలును ఎక్సెల్‌లోకి ఎక్కించాను.

ఫైలు తెరవగానే మూడు మెట్లుగా ఏవో అడుగుతానంది. మొదటి మెట్టులోనే వరుసలన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపించాయి. ఇంక అడగడానికి ఏముందని ముగించమని నొక్కాను. అప్పుడు అంకెలన్నీ పోయాయి. ప్రతి గడిలో 1.1E+112 అని, అలాంటివే ఏవో. అది గడి ఇరుకైనందువల్లనే. వెడల్పు చేసి, మామూలు సంఖ్యలా చూపించమని మార్చాను. ఒకట్లు, సున్నలు బారుగా వచ్చాయి. వరుసల మొదట్లో ఉండాల్సిన సున్నలు కనిపించలేదు. అంకె ముందు సున్న ఉంటే ఏం, లేకుంటే ఏం. తర్వాత పెట్టుకోవచ్చు.

కరెంటు పోయే వేళయింది. నిన్న చెప్పకుండా తీశారు. అందుకని వెంటనే ఫ్లాపీలోనే, అదే పేరుతో సేవ్ చేశాను. రెండో కాపీ ఉండకూడదు కదా. ఏదో అడిగింది. అవును అన్నాను. ఆ వరుసల ప్రింటు తీస్తుండగానే కరెంటు పోయింది. సేవ్ చేయడం మంచిదైంది.

అన్నీ ఉన్నాయి. చూశాను.


9-7-2004

కురుమయ్య ఆఫీసుకు వచ్చాడు. ఒక్కో అంకెను గడిలోకి విడదీసి, నలుపు వేసి, ఆయన ముందే ప్రింటు తీశాను. నేను దాన్ని చూడలేదు. మొదట ఆయనే చూడాలనుకున్నాను.

కాగితం బల్ల మీద పరిచి, వేలితో ఒక వరుస వెంట పోయాడు. ఇంకో వరుస. ఇంకొకటి.

"ఇదేంది బిడ్డా? అంచు బెత్తెడన్న లేదు. మిగిలిందంత ఖాళీ."

"ఎక్కడ?"

"ఇగో, గీడ దాంక ఉంది. ఆడికెల్లి ఏం లేదు. మల్ల అన్ని వరుసలు ఒక్క దిక్కుకే ఒరిగినయి, గోడకు ఆనుకున్నట్టు. మీ నాయిన గిట్లనే చెప్పిండా?"

ప్రతి వరుసలో పదిహేను గడుల దాకా ఒకట్లు, సున్నలు కలిసి ఉన్నాయి. పదహారో గడి నుంచి అన్నీ సున్నలే. అన్ని వరుసల్లోనూ అంతే. ఫ్లాపీ మళ్ళీ తెరిచాను. ఫ్లాపీలోనూ అంతే.

"కంప్యూటర్ల దాసిపెట్టుంటదిలే," అన్నాడు కురుమయ్య. "దవాఖానల రాసుకున్నట్టు యాడనో రాసుకుంటదంట గద?"

తల ఊపాను. ఆయన వెళ్ళేదాకా ఊపుతూనే ఉన్నానేమో.


10-7-2004

చెప్పలేదు.


12-7-2004

వనపర్తి వెళ్ళాను. ఇంట్లో సొసైటీ పని అని చెప్పాను. పెబ్బేరు దాకా సీటు దొరకలేదు. ఫ్లాపీని కర్చీఫ్‌లో చుట్టి పట్టుకున్నాను, గట్టిగా పట్టుకుంటే అందులోంచి ఇంకేదీ కారిపోదన్నట్టు.

శ్రవణ్ కుమార్ సార్ నన్ను గుర్తుపట్టలేదు. "హాస్టల్ అమ్మాయివి కదా, మాట్లాడవు," అన్నాడు తర్వాత. ఏం జరిగిందో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన ఫైలు చూసి, ఇంకొక ఫైలు తయారుచేసి నేను చేసిందే మళ్ళీ చేసి చూపించాడు. నా కళ్ళ ముందే మళ్ళీ పోయింది.

"ఇగో, మూడో మెట్టు. ఇక్కడ టెక్స్ట్ అని పెట్టాలె. పెట్టకపోతె అది లెక్క అనుకుంటది. లెక్కకు ముందర సున్నలెందుకు, తీసేస్తది. పదిహేను అంకెల దాంకనే గుర్తుంటయి దానికి. తర్వాతవి సున్నలు పెట్టి నింపుతది."

"అడగకుండానే?"

"అడిగింది గదమ్మా, మూడో మెట్టుల."

ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి ఫ్లాపీ అంతా వెతికాడు. పాత ఫైలు ఉన్నచోటనే కొత్తది రాసుకుందట. చాయ్ తెప్పించాడు. నేను తాగలేదు, ఆయనా తాగలేదు.

"కాగితాలు ఉంటయి గద?"

"లేవు."

"అంత పెద్దది కాగితం మీద లేకుంట ఎట్ల ఎక్కించినవ్?"

పొయ్యి సంగతి చెప్పకుండా ఫ్లాపీని మళ్ళీ కర్చీఫ్‌లో చుట్టాను.

"చెప్పినాయన ఉన్నడు గద? మల్ల చెప్పమను. ఈసారి నాలుగు కాపీలు తియ్యి."

అవును, చెప్పినాయన ఉన్నాడు. బస్సులో అదే అనుకుంటూ వచ్చాను. ఆయన ఉన్నాడు.


15-7-2004

ఒక దారి కనిపించింది. వరుసకు నూట ఇరవై అని తెలుసు. మిగిలిన సంఖ్యలో నూట పదమూడు అంకెలుంటే, ముందు ఏడు సున్నలు పోయినట్టు. అలా ప్రతి వరుసకూ ముందు పోయినవి పెట్టుకుంటూ పోయాను. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. ఎడమవైపు పోయిన సున్నలన్నీ వెనక్కి వచ్చాయి. గోడకు ఆనుకున్న వరుసలు కదిలి, వాటి వాటి చోట్లలో నిలబడ్డాయి.

నలుపు వేసి చూశాను.

తీగ అంచు. ఒక ఆకు కొన. దాని పైన ఇంకేదో మొదలవుతోంది, మొగ్గ కావచ్చు, పిట్ట ముక్కు కావచ్చు. అన్నిటికీ పదిహేను గడుల వెడల్పే ఉంది. తలుపు సందులోంచి చూసినట్టు. నెలకు పైగా నేను రాసింది ఏమిటో మొదటిసారి ఇవాళే చూశాను. చాలా బాగుంది. సేట్లు అడిగే మామిడి పిందెల్లా లేదు. ఎక్కడా ఆగదు, మొనదేలి తిరగదు.

కురుమయ్యకు చూపించాను. "తీగ గిట్ల వంగితె ఆకు గట్ల పోవాలె," అని వేలితో ఖాళీలో గీశాడు. ఆగిపోయాడు.

"పోవాలె అంటున్న. భాయ్ యాడికి పంపిండో నాకేం ఎరుక? నేను నింపితె అది నా అంచు అయితది బిడ్డా."


19-7-2004

అబ్బాజాన్ అడిగాడు. "మగ్గం మీదికి ఎక్కింది," అన్నాను.

అబద్ధం కాదు. ఎక్కుతుంది. ఎలాగో ఒకలాగ.


20-7-2004

ఎంత మేర నేశారని అడిగాడు. జానెడు అన్నాను.


24-7-2004

అమ్మీ కనిపెట్టింది. ఏం కనిపెట్టిందో నాకు తెలియదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"కాగితాలు నేను పొయ్యిల ఏసినందుకు పోయిందా?"

"లేదు అమ్మీ."

"ఒక్కటన్న దాసిపెడితె అయిపోయేది. ఎన్నడు ఆయన మాట దాటలె. గీ ఒక్కటి దాటి ఉంటె..."

"కాగితాల వల్ల కాదు. నావల్ల."

"నువ్వేం జేసినవ్? సదువుకున్నదానివి."

మూడో మెట్టు గురించి ఆమెకు ఎలా చెప్పను? చెరో పక్కా కూర్చుని రాళ్ళు ఏరాం. బిజినేపల్లి దగ్గర ఎవరో పక్షవాతానికి పసరు ఇస్తారట, శుక్రవారం పోదామన్నది. సరేనన్నాను. అబ్బాజాన్‌కు మళ్ళీ చెప్పమని చెబుదామా అని ఇద్దరిలో ఎవరం అనలేదు. రేపు చూద్దాం. ఆయనకు కాస్త బలం రావాలి.


30-7-2004

పొద్దున అబ్బాజాన్ నన్ను షంషూ అని పిలిచాడు. అది అమ్మీ పేరు. నిద్రమత్తు.


31-7-2004

ఇవాళ కూడా.


2-8-2004

కురుమయ్య ఒక అంచు ముక్క పట్టుకొచ్చాడు. నేను అడగలేదు. మగ్గం ఎక్కిందని నేను చెప్పిన అబద్ధం ఆయన చెవిన పడి ఉంటుంది. రాగానే నా ముఖం చూడకుండా మంచం దగ్గరికి పోయాడు.

"భాయ్, ఇగో నీ అంచు. జానెడు నేసిన. సూడు."

మామిడి పిందెల అంచు. సేట్లది. మా వీధిలో ప్రతి మగ్గం మీదా ఉంటుంది. దాన్ని చూస్తే అబ్బాజాన్ ముఖం తిప్పుకునేవాడు. పిందె పిందెకు మధ్య గాలి ఆడదు, నేసినవాడికీ కట్టుకున్నదానికీ ఊపిరాడదు అనేవాడు.

ఎడమ చేత్తో అందుకున్నాడు. బొటనవేలు జరీ మీద అటూ ఇటూ కదిలింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. తిడితే బాగుండునని, కురుమయ్య ముఖాన విసిరికొడితే బాగుండునని అనుకున్నాను.

"నాదే," అన్నాడు. "మంచిగ వచ్చింది."

"నీదే భాయ్."

"ఎవ్వరికి సూపించలె గద?"

"సూపిస్తనా? నా నోరు పెద్దదే గాని..." అంటూ లేచాడు.

వాకిట్లో కురుమయ్య బీడీ ముట్టించాడు. "ఏమన్న అంటడు, పరేషాన్ చేస్తడు అనుకున్న బిడ్డా. ఇప్పుడు గూడ తిట్టొచ్చు గద?" అన్నాడు.

అబద్ధం నిలబడింది. నేను సంతోషించాలి.


3-8-2004

ఆ ముక్కను దిండు మీద పరుచుకుని పడుకున్నాడు.


6-8-2004

మధ్యాహ్నం చెప్పేశాను. ఆయన కళ్ళు ఇవాళ తేటగా ఉన్నాయి, నన్ను బుష్రా అనే పిలిచాడు. దిండు మీది ముక్కను తీసి పక్కన పెట్టాను.

"అబ్బాజాన్, ఇది మీది కాదు. మీది పోయింది. నేను పోగొట్టాను."

ఏది పోయింది అని అడగలేదు. "అంతా?" అన్నాడు.

"పక్కన కొంచెం ఉంది. మళ్ళీ చెబుతారా?"

"కాగితం తే."

గోడకు చేరగిలి కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఖాళీ ఏడు. నిండు రెండు. ఖాళీ ఒకటి. నిండు ఐదు..." గొంతు మొదటి రోజులాగే ఉంది. మిగిలిన ముక్క ప్రింటు నా ఒళ్ళో ఉంది. గడి గడీ సరిచూశాను. ఏడు, రెండు, ఒకటి, ఐదు. ముందు ఏడు ఖాళీలూ, ఆ తర్వాత మిగిలిన పదిహేను గడులూ సరిపోయాయి. ఆ తర్వాతవి సరిచూసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు, అయినా ఆయన ఆగకుండా చెప్పాడు. వరుసకు నూట ఇరవై వచ్చింది. తలుపు దగ్గర అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో వరుసలో ఆరు గడులు సరిపోయాయి. ఏడోది కాలేదు.

"అబ్బాజాన్, ఇక్కడ నిండు ఉండాలి."

"ఉండాల్నా?" అన్నాడు. నన్నే అడిగాడు.

"ముందు చెప్పినప్పుడు నిండు."

"అట్లయితె నిండు." మళ్ళీ మొదలుపెట్టాడు. "నిండు. ఖాళీ. ఖాళీ రెండు. ఖాళీ..." ఆగాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నట్టే ఉన్నాయి. "ఖాళీ. ఖాళీ నాలుగు. ఖాళీ."

ప్రింటు బోర్లించాను.

మూడో వరుస ఖాళీతో మొదలైంది. ఆయన ఎక్కడా తడబడలేదు. ఖాళీ పది, ఖాళీ మూడు, ఖాళీ ఇరవై. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు, నాకు రాసుకునే వ్యవధి ఇచ్చాడు. నేను రాసుకున్నాను. వద్దని ఎలా అనను? ఆయన చెమటలు పట్టేంతగా పని చేస్తున్నాడు.

"ఎంత వచ్చింది?"

"నూట ఇరవై."

"సరిగ్గ ఉంది," అన్నాడు. "ఇంకో వరుస."


7-8-2004

నిన్నటివి ఆఫీసులో ఎక్కించాను. ఎక్సెల్‌లోకి తెచ్చేటప్పుడు మూడో మెట్టు దాకా వెళ్ళి టెక్స్ట్ పెట్టాను. సున్నల వరుసలు ఎలా రాశానో అలాగే వచ్చాయి, ముందువీ చివరివీ ఒక్కటీ పోలేదు. నాలుగు కాపీలు తీశాను.

సాయంత్రం ఇంకొన్ని చెబుతానన్నాడు.